ముందు భుజం

కూకో ముఖలింగం. ఆ సంచి ఇలాగియ్యి.
కొత్తది. సుట్టిన కాయితం కూడా ఇప్పనేదు నువ్వు.
మీ యమ్మ గుమ్మం కాడ నిలబడి ఏడిస్తే ఏడవనీ,
పొయ్యి మీద టీ పెట్టినాను, వాసనకి అదే వొస్తాది.

ముందు భుజం.
సెయ్యి సంగతి తరవాత.

ఈ పట్టీ ఉంది సూడు, వీపు మీద ఎనిమిదంకె.
ఒక సున్న ఉన్న సెయ్యి సంకలోకి,
రెండోది నేని సెయ్యి వైపుకి.
కొసన తీగ. సైకిలు బ్రేకు తీగనాంటిదే, మరేటి కాదు.
ఇప్పుడు భుజాలు ముందుకి ముడుసు,
సలేసిన ముసిలోడినాగ.
తెరుసుకున్నాదా?
ఒదిలీ.
మూసుకున్నాది.
తెరవడమే మన పని, నాయినా.
మూసుకోడం రబ్బరు పని.

ఆస్పత్రోళ్లు రెండు రబ్బర్లేసి పంపుతారు.
నాను బోరు కాడ బకెట్టుకి నాలుగేస్తాను,
జీడిపిక్కలు కొట్టినప్పుడు మూడు,
పప్పు మీద పొట్టు తీసినప్పుడు ఒక్కటే,
అదీ పాత ట్యూబు కోసినది, బాగా సాగిపోనాది.
మొదటి వారం అన్నీ బద్దలే సేసీనాను.
గుండుకొక ధర, బద్దకొక ధర.
తూకం కాడ సేటు నా వొంక సూసి
"ఎన్ని కిలోలు పాడుసేసినావే దాలమ్మా?" అన్నాడు.
సేతిలో ముక్క పడీడానికి కొక్కెం తెరిసినాను.
భుజం లెగిసింది.
నాకేటి తెల్దన్నట్టు కనపడింది కాబోలు,
పొగరని రెండ్రోజులు పని మానిపించీసినాడు.
నీకూ అవుతాది.
అడిగినోడికల్లా భుజమెగరేసినట్టే ఉంటాది మన బతుకు.

బస్సులో కడ్డీకి తగిలించకు.
మలుపులో ముందుకి తూలితే అదే తెరుసుకుంటాది.
మందస దారిలో ఓ పెద్దాయన ఒళ్లో కూకున్నాను.
ఆయన పక్కకి జరిగి సోటిచ్చినాడు, మంచోడు.

వీపు గోక్కోడానికి పనికిరాదు.
జడకి పనికిరాదు, అది నీకక్కర్నేదు.
దణ్ణం పెట్టొచ్చు. టక్కుమంటాది.
దేవుడు ఇంటాడు.
ఎండల్లో లోపల మేజోడు రెండుసార్లు మార్సు,
సెమటకి మొండి ఒరుసుకుపోతాది.
రాత్రికి ఇప్పీ. ఇప్పినాక
నేని యేలు దురదెడతాది.
దానికి మందు నేదు.
నాను ఆ యేలుకి ఓ పేరెట్టినాను. సెప్పను.

ఇదిగో, నా మంచి సెయ్యి సూడు.
జీడిసొన తిని తిని యేలిముద్రలు అరిగిపోనాయి.
బియ్యం డిపో కాడ మిషను నన్ను గుర్తుపట్టదు,
మూడుసార్లు తుడిసి పెట్టమంటాడు, నాలుగోసారి రేపు రమ్మంటాడు.
కొక్కేనికి సొన అంటదు, బొబ్బ రాదు,
తొమ్మిదేళ్ల కిందట ఎలాగుందో అలాగే మెరుస్తాది.
మిషను దాన్నీ గుర్తుపట్టదు, అది వేరే సంగతి.

ఎలా పోనాదని నిన్నడగను.
బస్టాండు కాడ సెరుకు రసం బండంట, ఇన్నాను.
నాది ఉలవలు నూర్సే మిషను.
అందరూ పోనదాని గురించే అడుగుతారు.
ఇది ఎలా తెరుస్తావని
ఒక్కడూ అడగడు.

అదిగో, మీ యమ్మ వొచ్చీసింది. దానొంక సూడకు.
గలాసు సూడు. స్టీలుది.
భుజం. ఊఁ. ఇంకొంచెం.
ఇప్పుడొదిలీ.
గట్టిగా పట్టుకోవాలని బిగుసుకోకు,
నువ్వు బిగుసుకుంటే అది తెరుసుకుంటాది.
ఊరకుండు. అంతే.
ఒలకనేదు.

కాల్నేదు కదా?
జాగర్తంతా అక్కడే ఉంది.
ఎంత ఏడిగా ఉందో దానికి తెల్దు,
మూతికే తెలుస్తాది.
ఊదుకుని తాగు.